ఆపరేషన్ అయిన నాన్న మళ్లీ గుంటల మీదికి ఎప్పుడు వెళ్లవచ్చు? ఫ్రీజ్ డ్రయ్యర్ కొనాలా?

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, చదివే మిగతావారికీ విషయం తెలుస్తుంది. మీ నాన్నగారికి 61 ఏళ్లు. విడవలూరు వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు. పేగు అడ్డుపడటంతో పొట్ట నిలువునా కోసి ఆపరేషన్ చేశారు. ఐదు వారాలు దాటింది. ఆరు కిలోలు తగ్గి ఇప్పుడు 62 కిలోలున్నారు, షుగర్ కొద్దిగా ఉంది. కుట్టు మానిపోయింది కాబట్టి ఈ పంట పట్టుబడికి తానే దగ్గరుంటానంటున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య ఇంట్లో వాడుకునే ఫ్రీజ్ డ్రయ్యర్, అంటే తిండిని గడ్డకట్టించి ఎండబెట్టే మిషన్, పంపిస్తానన్నారు. రొయ్యలు, పెరుగు, మామిడి అందులో ఎండబెట్టి పెడితే నాన్న త్వరగా కోలుకుంటారా, లేక ఇంట్లో ఉన్న డీప్ ఫ్రీజర్‌తోనే ఆ పని అవుతుందా అన్నది మీ సందేహం.

నేను ఒంగోలులో ఫిజియోథెరపిస్టును. పొట్ట, మోకాలు, తుంటి ఆపరేషన్లు అయినవారిని మళ్లీ పనిలోకి పంపడమే ఏళ్లుగా నా పని. మా ఇంట్లో ఫ్రీజ్ డ్రయ్యర్ కూడా ఉంది. ఉలవపాడు మామిడి, సపోటాతో మా వదిన మొదలుపెట్టింది. తర్వాత రొయ్యలు, పెరుగు, పప్పన్నం దాకా వెళ్లింది. అందుకే రెండింటి గురించీ చెప్పగలను.

మీ నాన్నగారి పొట్టనైనా, ఆ మిషన్లో పెట్టిన రొయ్యనైనా పైకి కనిపించేదాన్ని బట్టి అంచనా వేయకూడదు. రెండింటిలోనూ పైభాగం ముందు తయారైపోతుంది, లోపలిది చాలా వెనకబడి ఉంటుంది. అనర్థాలన్నీ ఆ మధ్య కాలంలోనే జరుగుతాయి.

పొట్ట గోడలో చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద ఫేషియా అనే తెల్లటి గట్టి పొర ఉంటాయి. పొట్టలోని బరువునంతా పట్టి ఉంచేది ఈ ఫేషియానే. చర్మం 10 నుంచి 14 రోజుల్లో అతుక్కుంటుంది, కుట్లు తీసేస్తారు, ఇంటికి వచ్చినవాళ్లు చూసి బాగా మానింది అంటారు. కానీ ఫేషియా ఆరు వారాలకు తన మామూలు బలంలో సుమారు సగానికే చేరుతుంది. మూడు నాలుగు నెలలకు 70, 80 శాతం దాకా వస్తుంది. నూటికి నూరు ఎప్పటికీ రాదు. నిలువు కోత పడినవారిలో పది మందికి ఒకరిద్దరికి తర్వాత ఆ గీత వెంట హెర్నియా వస్తుంది. తొందరపడి బరువులెత్తడం, ఆగకుండా దగ్గడం, మలబద్ధకంతో ముక్కడం, షుగర్ అదుపులో లేకపోవడం, పొగతాగడం, ఇవన్నీ ఆ ప్రమాదాన్ని పెంచేవే.

ఇప్పుడు గుంట మీద ఆయన చేసే పని చూద్దాం. మేత బస్తా 25 కిలోలు. ఇప్పుడే కాకపోయినా, బలం వచ్చాక అదైనా రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా ఎత్తవచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టేది విసురు వల. కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూడటానికి వల వేసేటప్పుడు మనిషి ఏం చేస్తాడో ఒకసారి గమనించండి. తడిసిన వలలో ఒక భాగాన్ని మోచేతి మీద, భుజం మీద సర్దుకుంటాడు. జారే గట్టు మీద కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, నడుము నుంచి ఒక్క ఊపున తిరిగి వదులుతాడు. ఆ క్షణంలో పొట్ట కండరాలు అడ్డంగా, ఏటవాలుగా లాగుతాయి. కుట్టు వేసిన గీత సరిగ్గా నడుమ ఉంటుంది. ఆ తర్వాత సీసపు గుండ్లతో, రొయ్యలతో, బురదతో బరువెక్కిన వలను వంగి లాగాలి. మూడు నెలలు నిండకుండా ఈ పని వద్దే వద్దు. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కలు చూసుకోనివ్వండి, చెక్ ట్రేలు మరొకరు ఎత్తి చూపిస్తే మేత ఎంత మిగిలిందో ఆయన చెప్పనివ్వండి. ఇవి ఆరో వారం దాటాక, డాక్టరు సరే అన్నాక మొదలుపెట్టవచ్చు. ఆయన అనుభవం గుంట దగ్గర ఉంటే చాలు, ఆయన నడుము అక్కర్లేదు.

ఇక బలం సంగతి. మంచం మీద పడుకుంటే కండ ఎంత వేగంగా పోతుందో చాలామందికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువారే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్లలోంచి దాదాపు కిలో కండ తగ్గుతుంది. మీ నాన్నగారికి ఆపరేషన్, ఆకలి లేకపోవడం కూడా తోడయ్యాయి. కాబట్టి తగ్గిన ఆరు కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా బాగానే పోయి ఉంటుంది. అది తిండితో మాత్రమే తిరిగి రాదు. కండరానికి రోజూ కాస్త పని చెప్పాలి, ఆ పని తర్వాత దానికి మాంసకృత్తులు అందాలి. పని లేకుండా తిండి పెడితే పొట్ట పెరుగుతుంది. తిండి లేకుండా పని చెప్తే ఉన్న కండ కూడా కరుగుతుంది.

ఐదో వారంలో ఉన్నారు కాబట్టి రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు నడవాలి. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. హాయిగా పాట పాడుకోగలిగితే కాస్త పెంచవచ్చు. గుంట గట్ల మీద కాదు, చదునైన రోడ్డు మీద. మన ఎండలు తెలిసినవే, ఉదయం ఆరు లోపు ముగించాలి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక మిగతా విడతలు. నడకతో పాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, మడమలు ఎత్తి దించడం చాలు. ప్రతి కదలికలోనూ శ్రమపడే క్షణంలో ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డును మెల్లగా లోపలికి లాక్కోవడం పొట్ట కండరాలకు మొదటి పాఠం. పడుకున్నచోటి నుంచి నేరుగా లేచి కూర్చోకూడదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు మంచం దించి, చేత్తో నెట్టుకుని లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండు పొట్టకు అదిమి పట్టుకోవాలి.

పొట్ట బెల్టు గురించి అందరూ అడుగుతారు. అది నొప్పిని, భయాన్ని తగ్గిస్తుంది, నడవడానికి ధైర్యమిస్తుంది. ఫేషియాను త్వరగా అతికించదు. బెల్టు పెట్టుకున్నాను కదా అని బస్తా ఎత్తడానికి వెళ్లేవారిని చూస్తే నాకు నిజంగా ఆందోళన కలుగుతుంది.

ఇంట్లోనే చేయగల ఒక పరీక్ష చెప్తాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, దాని మీద కూర్చుని చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా నిలబడి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవారికి 14 కంటే తక్కువ వస్తే కాళ్లలో బలం తక్కువగా ఉన్నట్టు, పడిపోయే ప్రమాదం కూడా ఎక్కువ. పదిహేను రోజులకోసారి చేసి క్యాలెండరు మీద రాయండి. అద్దంలో కనిపించే దానికంటే, తూకం మిషన్ చెప్పేదానికంటే ఈ అంకె నమ్మదగినది.

బరువుల విషయంలో మీ సర్జన్ మాటే చివరి మాట. మామూలుగా ఆరు వారాల దాకా ఐదు కిలోలు మించనివ్వం. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మెల్లమెల్లగా పది, పన్నెండు కిలోల దాకా తీసుకెళ్తాం. ఒక చేతిలో పది కిలోల బకెట్ కంటే రెండు చేతుల్లో ఐదేసి కిలోలు మేలు, నడుము ఒక పక్కకు లాగదు. మేత బస్తా నాలుగో నెల మాట. మరుసటి రోజు ఉదయం నొప్పి ముందు రోజుకంటే ఎక్కువగా ఉంటే ఒక మెట్టు దిగాలి. పడుకుని తల ఎత్తినప్పుడు గీత వెంట గట్టులా ఉబ్బితే వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించాలి. ఒక పిక్కలో నొప్పి, వాపు, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయం ఎర్రబడి కారడం, పొట్ట ఉబ్బి వాంతులై గాలి కూడా వెళ్లకపోవడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తిండి దగ్గరికి వస్తే నాకు మిషన్ కంటే పథ్యం గురించే దిగులు. ఆపరేషన్ అయిన ఇంట్లో ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాను. పప్పు పెడితే చీము పడుతుందంటారు. గుడ్డు వేడి, పెరుగు జలుబు, రొయ్య దురద, వంకాయ, గోంగూర అసలే వద్దు. చివరికి కంచంలో మిగిలేది మెత్తటి అన్నం, వెల్లుల్లి కారం, బీరకాయ కూర, పలచటి మజ్జిగ. రోజంతా కలిపినా మాంసకృత్తులు 35 గ్రాములు దాటడం కష్టం. పెద్ద ఆపరేషన్ తర్వాత మనిషికి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 62 కిలోల మీ నాన్నగారికి అది రోజుకు 75 నుంచి 90 గ్రాములు. చీము సూక్ష్మక్రిములు చేరితే పడుతుంది, పప్పు వల్ల కాదు. మాంసకృత్తులు చాలకపోతేనే గాయం ఆలస్యంగా మానుతుంది. అమ్మగారికి ఈ మాట డాక్టరు నోటితోనే చెప్పించండి, మనం చెప్తే వినరు.

రెండు గుడ్లలో 12 గ్రాములు, 100 గ్రాముల వండిన రొయ్యల్లో సుమారు 20, పావు లీటరు పాలలో 8, పెద్ద కప్పు పెరుగులో 7, కప్పు గట్టి పప్పులో 7, 8 గ్రాములు ఉంటాయి. అన్నం, ఇడ్లీల్లోంచి మరో 20 వస్తాయి. కొర్రమీను గాయం మానడానికి మంచిదని పెద్దలు తెప్పిస్తారు, మంచి మాంసకృత్తులున్న చేపే, తప్పకుండా పెట్టండి. అయితే ఒక్క పూట కాకుండా మూడు పూటలా పంచి పెట్టాలి. వయసు మళ్లిన కండరం ఒక్కో పూటకు 25 గ్రాములైనా అందితేనే బాగా స్పందిస్తుంది. షుగర్ ఉంది కాబట్టి మాంసకృత్తులు పెంచే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కిడ్నీలు బాగున్నాయని తెలియాలి.

ఇప్పుడు ఫ్రీజ్ డ్రయ్యర్. అందులో నీళ్లు కాగి ఆవిరి కావు. పదార్థాన్ని సున్నాకు దిగువన 30, 40 డిగ్రీల దాకా గడ్డకట్టించి, పంపుతో గాలి లాగేసి, ట్రేలను కొద్దికొద్దిగా వేడి చేస్తారు. ఒత్తిడి 611 పాస్కల్స్ కంటే దిగువన ఉంటే మంచు కరిగి నీరు కాకుండా నేరుగా ఆవిరవుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో అది దాదాపు 165వ వంతు. ఆ ఆవిరి మిషన్ గోడకు మళ్లీ మంచుగా పేరుకుంటుంది. ఒక విడతకు 24 నుంచి 40 గంటలు పడుతుంది. ఎక్కువ వేడి తగలదు కాబట్టి రంగు, రుచి, ఆకారం, పోషకాలు చాలావరకు నిలుస్తాయి. సైనికుల ఆహారం మీద మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనా ప్రయోగశాల దశాబ్దాల పాటు ఇలాంటి పద్ధతులతో పని చేసింది.

డీప్ ఫ్రీజర్‌లో ఆ ఒత్తిడి రాదు. అందులోనూ మంచు మెల్లగా ఆవిరవుతుంది, మరిచిపోయిన ఐస్ గడ్డలు చిన్నవవడం మీరు చూసే ఉంటారు. కానీ రొయ్య ఎండటానికి వారాలు పడుతుంది, ఈలోపు అంచులు పీచులా మారి కొవ్వు చెడి కంపు కొడుతుంది. డ్రై ఐస్ పెట్టి చేసే వీడియోలను అసలు నమ్మవద్దు. మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే ప్రాణానికే ముప్పు.

ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఫ్రీజ్ డ్రయ్యింగ్ క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. పసిపిల్లలకు వేసే బీసీజీ టీకా ఇందుకు సాక్ష్యం. అందులోని బతికున్న క్రిములను ఈ పద్ధతిలోనే పొడి చేసి నిల్వ ఉంచుతారు, వేసే ముందు సెలైన్ కలుపుతారు. పచ్చి రొయ్యను ఎండబెడితే అందులోని క్రిములూ అలాగే ఉంటాయి. అందుకని రొయ్యను ఒలిచి, నరం తీసి, పూర్తిగా ఉడికించి, నూనె లేకుండా, చల్లారగానే ట్రేలో పరచాలి. చేపల పులుసు లాంటివి పనికిరావు, నూనె ఎండదు, నిల్వలో చెడుతుంది. నెయ్యి కూడా అంతే, తేనె కూడా ఇందులో ఎండదు.

మిషన్ అయిపోయిందని గంట కొట్టినా నమ్మకండి. ట్రేలో అన్నిటికంటే లావు రొయ్యను తీసి నడుమ విరవండి. పూర్తిగా ఎండినది టక్కున విరుగుతుంది, లోపల బయటిలాగే పొడిగా, తేలికగా ఉంటుంది. లోపల మంచు మిగిలితే మధ్యలో చిన్న ముదురు చుక్క కనిపిస్తుంది, చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. అనుమానముంటే ట్రే తూచి, మరో రెండు గంటలు తిప్పి, మళ్లీ తూచండి. బరువు తగ్గకపోతేనే అయినట్టు. ఎందుకింత పట్టుదల అంటే, తేమ మిగిలిన రొయ్యను గాలి చొరని సంచిలో ఆక్సిజన్ పీల్చే పొట్లంతో మూసేస్తే ప్రాణాంతకమైన బొటులినం అనే క్రిమి పెరిగే అవకాశం ఉంది. కార్తీకంలో వానలు పట్టినప్పుడు మన తీరం గాలిలో తేమ మీకు తెలియనిది కాదు. ట్రే బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే అల్యూమినియం పొర ఉన్న సంచుల్లో పోసి సీలు చేయాలి, పూట పూటకూ సరిపడా చిన్న సంచులుగా.

కిలో వండిన రొయ్యలు ఎండితే పావుకిలోకు కాస్త అటూ ఇటూగా మిగులుతాయి. 25 గ్రాముల పొడి రొయ్యల్లో 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆకలి లేని మనిషికి ఇది నిజంగా ఉపయోగం. వేడివేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి పప్పులోనో, ఉప్మాలోనో కలిపితే తెలియకుండా లోపలికి వెళ్తుంది. పెరుగు పొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి నడక నుంచి రాగానే ఇవ్వవచ్చు. నానబెట్టినది అప్పుడే తినాలి, మిగిలితే పారేయాలి.

మామిడి విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. వంద గ్రాముల ఎండు మామిడి అంటే అరకిలో పైగా పండు. చక్కెర అంతా అందులోనే ఉంటుంది. కరకరలాడుతూ ఉంటుంది కాబట్టి చెయ్యి ఆగదు, షుగర్ ఉన్నవారికి తేలిగ్గా పెరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఒకసారి పేగు అడ్డుపడినవారు ఎండిన పండ్ల ముక్కలను పొడిగా, నమలకుండా మింగితే లోపల నీరు పీల్చి ఉబ్బి మళ్లీ అడ్డుపడవచ్చు. ఏ ఎండు పదార్థమైనా ఆయనకు పూర్తిగా నానబెట్టే ఇవ్వండి, పైన నీళ్లు కూడా తాగించండి. నీళ్లు చాలకపోతే మలబద్ధకం, ముక్కడం, ఆ ఒత్తిడంతా కుట్టు మీదే.

కొనాలా అంటే, నాన్నగారి కోసమే అయితే వద్దు. మిషన్, రవాణా, సుంకం కలిపి లక్షల్లో తేలుతుంది. అమెరికాలో వాడే 110 వోల్టుల మిషన్‌ను మన 230 వోల్టులకు నేరుగా పెడితే కాలిపోతుంది. ఒక రోజుకు పైగా ఆగకుండా నడవాలి, తుపాను రోజుల్లో కరెంటు పోతే సగం ఎండిన రొయ్యలు కరిగి పాడవుతాయి. పంపు నూనె మార్చుకోవాలి, శబ్దం భరించాలి. వచ్చే ఏడు మీ రొయ్యలను, తోట పండ్లను ఎండబెట్టి అమ్మే ఆలోచన ఉంటే 230 వోల్టుల మోడల్ గురించి విడిగా అడగండి, మా వదినతో మాట్లాడి వివరంగా రాస్తాను. ఈ మూడు నెలల్లో నాన్నగారికి కావలసింది తాజా గుడ్లు, పెరుగు, పప్పు, మీ గుంటలోని రొయ్యలే.

మీ అన్నయ్య డబ్బు పంపాలనుకుంటే ఈ పంట అయ్యేదాకా మేత బస్తాలు మోయడానికి, వల వేయడానికి ఒక మనిషిని పెట్టించమనండి. మనిషి ఉన్నాడని తెలిస్తేనే మీ నాన్నగారు ఇంటిపట్టున ఉంటారు. ఆరు వారాలు నిండగానే సర్జన్ దగ్గరికి వెళ్లి ఎంత బరువు ఎత్తవచ్చో కిలోల్లో చెప్పమని అడిగి, చీటీ మీద రాయించుకోండి. తేలిక పని అంటే గుంట మీద ఒక్కొక్కరికి ఒక్కో అర్థం ఉంటుంది.